నూనె చెయ్యి తల మీద పడకముందు ఏం జరిగింది?

మీ ప్రశ్న చివర "ఇది జబ్బా, పొగరా?" అని అడిగారు. రెండూ కాదు. కానీ ఆ ఒక్క మాట చెప్పి ఊరుకుంటే వచ్చే ఆదివారం మీ ఇంట్లో మళ్ళీ ఇదే జరుగుతుంది కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను. నేను ఆక్యుపేషనల్ థెరపిస్టును, అంటే రోజువారీ పనులు సాఫీగా చేసుకునేలా సాయపడేదాన్ని. బెంగళూరులో 19 ఏళ్ళుగా ఆటిజం ఉన్న పిల్లలతోనూ, ఈమధ్య కొన్నేళ్ళుగా పెద్దవాళ్ళతోనూ పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది మారతహళ్ళి, బెళ్ళందూరు వైపు తెలుగు కుటుంబాలే. మీరు రాసిన ఇల్లు నాకు కొత్త కాదు.

మీరు చెప్పింది ఇది. మీ మరిదికి 24 ఏళ్ళు, ఆటిజం ఉంది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం రావడంతో నాలుగు నెలల క్రితం మీ రెండు పడకగదుల ఫ్లాటుకు వచ్చాడు. మొన్న ఆదివారం బంధువులు వచ్చినప్పుడు మీ అత్తగారు ప్రేమగా వెనకనుంచి వచ్చి తలకు నూనె పెట్టబోతే ఒక్కసారిగా తోసేశాడు. ఆవిడ మోచెయ్యి బీరువా అంచుకు తగిలి కమిలింది. తర్వాత అతను స్నానాలగదిలోకి వెళ్ళి గంటన్నర తలుపు తీయలేదు. బంధువులు తలా ఒక మాట అన్నారు. వచ్చే నెలలో మీ కొత్త ఇంటి గృహప్రవేశం ఉంది, అదే మీ భయం.

తోసిన క్షణం దగ్గర కాకుండా ఆ రోజు పొద్దున్నుంచి మొదలుపెడదాం. మీ ఉత్తరంలోనే అన్నీ ఉన్నాయి, మీరు వాటిని కలిపి చూడలేదంతే. ఆరింటికి కిటికీ కింద నీళ్ళ ట్యాంకరు మోటారు. ఏడింటికి ఇడ్లీకి చట్నీ మిక్సీ. ఎనిమిదింటికి పూజ, సాంబ్రాణి పొగ. తొమ్మిదింటికి కరెంటు పోయి అపార్ట్‌మెంటు జనరేటరు. పదింటికి ఎనిమిది మంది చుట్టాలు, అందరూ ఒకేసారి మాట్లాడటం, టీవీ ఒకపక్క. మీవారు కొనిచ్చిన కొత్త చొక్కా, మెడ దగ్గర చీటీతో సహా. వంటింట్లో ఎండుమిరపకాయల తాలింపు ఘాటు. వచ్చినవాళ్ళలో ఒక బాబాయి "ఏరా, పెళ్ళెప్పుడు?" అని వీపు మీద చరచడం. ఆ తర్వాత, చెప్పాపెట్టకుండా, వెనకనుంచి, తల మీద తడి చెయ్యి. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటామే, అదీ సంగతి. రోకలి మీ అత్తగారి చేతిలో ఉండటం ఆవిడ దురదృష్టం. గోరుచుట్టు పొద్దున్నే మొదలైంది.

ఇందులో మీకూ నాకూ బాధ కలిగించేవి ఏవీ లేవు కదా అనిపించవచ్చు. తేడా చెవిలోనో చర్మంలోనో లేదు, వాటినుంచి వచ్చిన కబురును మెదడు ఏం చేస్తుందన్న దాంట్లో ఉంది. మనం ఫ్యాను వేసిన రెండు నిమిషాలకు దాని చప్పుడు మరిచిపోతాం. చొక్కా వేసుకున్నాక అది ఒంటి మీద ఉందన్న ధ్యాసే ఉండదు. మళ్ళీ మళ్ళీ వచ్చేదాన్ని మెదడు "ఇది తెలిసిందేలే" అని పక్కన పెట్టేస్తుంది. ఆటిజం ఉన్న చాలామందిలో ఈ పక్కన పెట్టడం సరిగా జరగదు. పదో నిమిషంలోనూ ఫ్యాను మొదటి నిమిషంలో వినిపించినట్టే వినిపిస్తుంది. చీటీ రోజంతా గీరుతూనే ఉంటుంది. పాత చోక్ ట్యూబులైటు మన కరెంటు మీద సెకనుకు 100 సార్లు మినుకుతుంది. మనకు కనబడదు, కొందరికి అది తలనొప్పి. ఒక్కొక్కటీ చిన్నదే. ఏదీ వెళ్ళిపోదు, కొత్తది వచ్చి చేరుతుంది.

ఇక తాకిడి సంగతి. మెత్తగా నిమిరితే హాయిగా ఉంటుందని మనం అనుకుంటాం. ఆటిజం ఉన్నవారిలో చాలామందికి సరిగ్గా అదే భరించలేనిది. తేలికగా, ఎదురుచూడనప్పుడు తగిలే స్పర్శ వాళ్ళకు ఒంటి మీద పురుగు పాకినట్టు, కొన్నిసార్లు మంట పుట్టినట్టు ఉంటుంది. తమలపాకుతో నువ్వొకటంటే తలుపుచెక్కతో నేనొకటన్నట్టు అతను ప్రవర్తించాడని మీ బంధువులు అన్నారట. అతని వైపునుంచి చూస్తే తలుపుచెక్క దెబ్బ ముందు తనకే పడింది. దీనికి విరుద్ధంగా గట్టిగా, ఒత్తిడిగా ఉండే స్పర్శ కొందరికి ప్రశాంతతనిస్తుంది. ఆటిజం ఉన్న అమెరికన్ శాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్ మనుషులు కౌగిలించుకుంటే తట్టుకోలేక, తన ఒంటిని రెండు పక్కలనుంచీ నొక్కే యంత్రాన్ని యవ్వనంలోనే తయారుచేసుకున్నారు. మీట ఆమె చేతిలోనే ఉండేది. ఆ మీటను గుర్తుపెట్టుకోండి.

ఎందుకంటే మీరు అడిగిన ఇంకో ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది: "మిక్సీ చప్పుడుకు చెవులు మూసుకునేవాడు తన గదిలో పాటలు అంత గట్టిగా ఎలా పెట్టుకుంటాడు? ఇది నటన కాదా?" ఆటిజం గురించి 1943లో లియో కానర్ 11 మంది పిల్లలను పరిశీలించి రాసిన తొలి వ్యాసంలోనే ఇది ఉంది. లిఫ్టులు, వాక్యూమ్ క్లీనర్లు, కొళాయి నీళ్ళు, గుడ్లు గిలకొట్టే సాధనాలు, చివరికి గాలి కూడా ఆ పిల్లలను ఒక్కోసారి హడలెత్తించేవని ఆయన రాశాడు. గిలకొట్టే సాధనం అన్నచోట మిక్సీ అని చదువుకుంటే అది మన వంటిల్లే. అదే పిల్లలు అంత చప్పుడు తామే హాయిగా చేయగలరనీ, తమ ఏకాంతంలోకి బయటినుంచి చొరబడేదే వాళ్ళను కలవరపెడుతుందనీ కూడా గమనించాడు. ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ఆగుతుందో తెలిసిన చప్పుడు వేరు. నెత్తిన వచ్చి పడే చప్పుడు వేరు. ఇంత మొదట్లోనే కనిపించిన విషయాన్ని అమెరికా మానసిక వైద్యుల సంఘం తన నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5లో ఆటిజం ప్రమాణాల్లో ఒకటిగా చేర్చింది 2013లో. మధ్యలో 70 ఏళ్ళు గడిచాయి. ఆ 70 ఏళ్ళూ చెవులు మూసుకున్న పిల్లలకు మొండివాళ్ళన్న పేరే దక్కింది.

మీ ఐదేళ్ళ పాప మాత్రం అతని మీద ఎక్కి కూర్చున్నా ఏమీ అనడని కొంచెం నిష్ఠూరంగా రాశారు. పాప ఏం చేస్తోందో ఒకసారి గమనించండి. "బాబాయ్, నేనొస్తున్నా" అని అరుస్తూ ఎదురుగా వస్తుంది. వచ్చి పూర్తి బరువుతో ఒళ్ళో కూలబడుతుంది. "దిగు" అంటే దిగిపోతుంది, అలగదు. కనబడుతూ రావడం, గట్టి ఒత్తిడి, చెప్పగానే ఆగడం: మా చదువుల్లో నాలుగేళ్ళు నేర్పేదంతా ఇంతే. ఇంట్లో ఇంతమంది పెద్దవాళ్ళుండి ఒక్క చిన్నపిల్లే అతనికి సరిగ్గా మసలుకుంటోంది.

అతను తోసే ముందు ఏమీ అనలేదా? "ఏమీ అనలేదు, ఉన్నట్టుండి తోశాడు" అని మీరు రాశారు. అదే ఉత్తరంలో పైన, మీ అత్తగారు వచ్చిన రెండో రోజే "తల ముట్టుకోవద్దు" అన్నాడనీ, ఆవిడ నవ్వి "కన్నతల్లికి కూడా వద్దా?" అన్నారనీ రాశారు. మూడుసార్లు తల పక్కకు తిప్పుకున్నాడు. భోజనం పళ్ళెం తీసుకుని గదిలోకి వెళ్ళిపోతుంటే "మర్యాద కాదు" అని పిలిచి కూర్చోబెట్టారు. అంటే ఐదుసార్లు వద్దన్నాడు, ఐదుసార్లూ అది లెక్కలోకి రాలేదు. చిన్న వద్దు పనిచేయని ఇంట్లో పెద్ద వద్దు ఒక్కటే మిగులుతుంది. తోయడం సరైనదని నేను అనడం లేదు, 60 దాటిన మనిషి పడితే తుంటి విరగవచ్చు. ఆ తోపును ఆపే చోటు మాత్రం బీరువా దగ్గర కాదు, ఆ రెండో రోజు సంభాషణ దగ్గర ఉంది.

ఇది నేను ఎదుటివాళ్ళకు నీతులు చెప్పడానికి రాయడం లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కేంద్రంలో ఏడేళ్ళ అబ్బాయికి "అలవాటు చేద్దాం" అని అతని చెయ్యి పట్టుకుని తడి బంకమట్టిలో పెట్టించేదాన్ని. మొదట్లో చెయ్యి వెనక్కి లాక్కునేవాడు, నేను పట్టు బిగించేదాన్ని. మూడో వారానికి లాక్కోవడం మానేశాడు. అబ్బో, మారాడని రిపోర్టులో రాశాను. నాలుగో వారం నా ముంజేతి మీద కొరికాడు, మచ్చ ఇప్పటికీ ఉంది. లాక్కోవడం మానేసింది అలవాటై కాదు, లాభం లేదని అర్థమై. వద్దని చెప్పడం ఆ పిల్లవాడికి మరిపించిన మొదటి మనిషిని నేనే. బలవంతపు అలవాటు ఈ పనిలో ఒక పెద్ద అపోహ. మీకూ ఎవరో ఒకరు "కొంచెం కొంచెంగా తాకుతూ ఉంటే నరాలకు అలవాటవుతుంది" అంటారు. ప్రత్యేకమైన పాటలు వినిపించి చెవిని సరిచేస్తామనీ అంటారు, దానికి తగిన రుజువులు లేవు. డబ్బు దాచుకోండి.

స్నానాలగదిలో గంటన్నర ఉండటం గురించి. అది అలక కాదు. ఆ గదిలో వెలుతురు తక్కువ, మనుషులు లేరు, గడియ ఉంది. ఇంద్రియాల మీద భారం హద్దు దాటినప్పుడు కొందరు అరుస్తారు, తోస్తారు, తలను గోడకు కొట్టుకుంటారు. దాన్ని మెల్ట్‌డౌన్ అంటారు. కొందరు మాట పడిపోయినట్టు, రాయిలా అయిపోతారు. అది షట్‌డౌన్. మీ మరిదికి ఒకదాని వెంట ఒకటి రెండూ వచ్చాయి. ఆ సమయంలో తలుపు బాదడం, "ఎందుకిలా చేశావు?" అని అడగడం, ఇద్దరు ముగ్గురు కలిసి నచ్చజెప్పడం, అన్నీ మంటలో నెయ్యే. ఒక్కరు, ఒకే ఒక్కసారి, "నేను బయట ఉన్నాను, నీకు ఎంతసేపు కావాలంటే అంతసేపు ఉండు" అని చెప్పి టీవీ కట్టేసి, చుట్టాలను బాల్కనీలోకో కిందికో తీసుకెళ్ళండి. తనను తాను గాయపరచుకుంటున్నాడన్న అనుమానం ఉంటేనే తలుపు సంగతి. మాట రాకపోతే ఫోనులో సందేశం పెట్టమనండి. నోటితో ఒక్క ముక్క చెప్పలేని స్థితిలో కూడా చాలామంది టైపు చేయగలరు. విచారణ మర్నాటికి వాయిదా వేయండి.

ఇప్పుడు మీ వైపు. వంటింట్లో మీరు పని చేసుకుంటుంటే చడీచప్పుడూ లేకుండా మీ వెనక మరీ దగ్గరగా వచ్చి నిలబడతాడనీ, మీ పడకగదిలోకి తలుపు కొట్టకుండా వచ్చేస్తాడనీ, మీరు "కొంచెం పనిలో ఉన్నాను" అన్నా వెళ్ళడనీ ఇబ్బందిపడుతూ రాశారు. ఆటిజం ఉంది కదా అని ఇది మీరు భరించనక్కరలేదు. మీ హద్దు కూడా హద్దే. కాకపోతే అతనికి అది ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. మన మర్యాదంతా సైగల్లోనూ డొంకతిరుగుడులోనూ ఉంటుంది. వెళ్ళిపోయేవాడు "వెళ్ళొస్తాను" అంటాడు. పది నిమిషాల్లో బయల్దేరాల్సిన చుట్టాన్ని "భోంచేసి వెళ్ళండి" అంటాం, అతను కూర్చుంటే కంగారుపడతాం. ఇవన్నీ చెప్పకుండానే తెలిసినవాళ్ళం కాబట్టి "పనిలో ఉన్నాను" అంటే "వెళ్ళు" అని అర్థమని మనకు తెలుసు. అతనికి అది పనిలో ఉన్నారన్న సమాచారం మాత్రమే.

సూటిగా చెప్పండి. "నేను వంట చేస్తున్నప్పుడు గుమ్మం దగ్గర నిలబడి మాట్లాడు. లోపలికి రావాలంటే అడుగు." "మా గది తలుపు మూసి ఉంటే కొట్టు. రమ్మంటేనే రా." కోపం లేని మామూలు గొంతుతో, కారణంతో సహా, ఒక్కసారి. కాగితం మీద రాసి ఇచ్చినా తప్పుగా అనుకోడు, చాలామందికి అదే ఇష్టం. నోటితో చెప్పడానికి మొహమాటపడి ముఖం ముడుచుకుంటే మాత్రం అతనికి మీ ముఖం కూడా ఒక శబ్దమే అవుతుంది, అర్థం తెలియని శబ్దం. బ్రిటన్‌కు చెందిన డేమియన్ మిల్టన్ అనే పరిశోధకుడు, తనూ ఆటిజం ఉన్నవాడే, 2012లో ఒక మాట ప్రతిపాదించాడు: ఆటిజం ఉన్నవాళ్ళకు ఇతరులు అర్థం కారన్నది సగమే, ఇతరులకు వాళ్ళు అర్థం కారన్నది మిగతా సగం. మీ ఇంట్లో రెండు సగాలూ ఉన్నాయి.

నియమం రెండు వైపులా నడవాలన్నది మరచిపోవద్దు. అతను మీ తలుపు కొట్టాలంటే మీరూ అతని తలుపు కొట్టాలి. కొట్టి, తోసుకుని లోపలికి వెళ్ళకుండా, జవాబు కోసం ఆగాలి. మన ఇళ్ళలో ఇదే కష్టం. తలుపు కొట్టడమంటే "వస్తున్నాను" అని చెప్పడమే అనుకుంటాం.

ఇంటి మార్పులకు పెద్ద ఖర్చు లేదు. మిక్సీ దగ్గర నిలబడితే చప్పుడు 80 డెసిబెల్స్ దాటుతుంది. మన శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాలకు పెట్టిన పగటి పరిమితి 55. డెసిబెల్స్‌లో పది పెరిగితే శబ్దశక్తి పదింతలవుతుంది కాబట్టి 80ని 55కు ఒకటిన్నర రెట్లని లెక్కవేయకండి. మిక్సీ వేసే ముందు "మిక్సీ వేస్తున్నాను, ఒక నిమిషం" అని కేకేయండి. చప్పుడు తగ్గదు, చొరబాటు తగ్గుతుంది. వీలైతే చట్నీ అతను నడకకు వెళ్ళినప్పుడు. అతని గదిలో ట్యూబులైటు తీసి మినుకు లేని మంచి ఎల్ఈడీ దీపం పెట్టండి. ఆఫీసువాళ్ళు ఇచ్చిన ఖరీదైన హెడ్‌ఫోను పనిచేయడం లేదన్నారు. శబ్దాన్ని యంత్రంతో రద్దుచేసే రకాలు ఏసీ, విమానం, జనరేటరు వంటి ఎడతెగని మోత మీద బాగా పనిచేస్తాయి, కుక్కరు కూత, హారను వంటి వాటి మీద అంతగా చేయవు. అందుకు నిర్మాణ పనుల్లో వాడే చెవి మూతలు నయం, ధరా తక్కువ. రోజంతా మాత్రం పెట్టుకోనివ్వకండి. చెవి నిశ్శబ్దానికి అలవాటుపడితే చిన్న చప్పుడు కూడా పెద్దదవుతుంది. బరువు దుప్పట్ల గురించి అడిగారు. నిద్ర పట్టిస్తాయనడానికి గట్టి రుజువు లేదు, బరువు ఇష్టపడితే మీ అత్తగారి పాత బొంత చాలు.

ఆఫీసు గురించి రెండు మాటలే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ప్రకటించాలని ఆ చట్టం చెబుతుంది. కిటికీకి దూరంగా మూల సీటు, ఔటర్ రింగ్ రోడ్డు మీద రద్దీ మొదలయ్యేలోపు వచ్చి వెళ్ళే వేళలు అడగడం దయ కోరడం కాదు. అడగాలా వద్దా అన్నది మాత్రం అతని నిర్ణయం, మీవారు మేనేజరుకు ఫోను చేయకూడదు. ఇంకొకటి: ఈ చిరాకు గత కొద్ది వారాల్లోనే ఉన్నట్టుండి పెరిగిందనిపిస్తే ముందు పంటి నొప్పి, చెవి, కడుపు చూపించండి. ఒంట్లో నొప్పి ఎక్కడుందో గుర్తించి చెప్పడం వీరిలో కొందరికి కష్టం. ఆందోళన, దిగులు ఎక్కువగా ఉంటే బెంగళూరులోని మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్‌లో పెద్దవాళ్ళకూ చూస్తారు.

గృహప్రవేశానికి అతన్ని తీసుకురావాలా వద్దా అని మీలో మీరు చర్చించుకుంటున్నారు. అతన్నే అడగండి. అడిగేటప్పుడు "వస్తావు కదా" అనకండి. తెల్లవారుజామున నాలుగున్నరకు ముహూర్తం, పాలు పొంగించడం, హోమం పొగ, వీడియోవాళ్ళ దీపాలు, 60 మంది భోజనాలు, ఏది ఎంతసేపో రాసి చూపించండి. నచ్చిన అరగంటకు వచ్చి వెళ్ళవచ్చనండి. పాలు పొంగేటప్పుడు ఉండి హోమం మొదలయ్యేలోపు వెళ్ళిపోతే లోటేమీ లేదు. పట్టుపంచెకు బదులు ఉతికి మెత్తబడిన నూలు చొక్కా. కొత్త ఇంట్లో ఒక గది గడియతో అతనికి కేటాయించి, అందులో చుట్టాల సంచులు పెట్టకండి. అక్షింతలు తల మీద వేయాలనుకునేవాళ్ళకు దూరంనుంచి కాళ్ళ దగ్గర వేయమని మీవారు ముందే చెప్పాలి. ఎవరైనా "ఏమిటీ చోద్యం" అంటే ఆ మాట పడాల్సింది మీవారు, మీ మరిది కాదు. అతన్ని ఎప్పుడైనా విమానం ఎక్కిస్తే, బెంగళూరు విమానాశ్రయంలో బయటికి కనబడని వైకల్యాలున్నవారికి పొద్దుతిరుగుడు పువ్వుల ఆకుపచ్చ మెడపట్టీ ఇస్తారు. వేసుకోవాలా లేదా అన్నది మళ్ళీ అతని ఇష్టం.

ఇక మీ అత్తగారు. ఆవిడ బాధ నిజమైనది. 24 ఏళ్ళుగా కొడుకు మీద ప్రేమ చూపడానికి ఆవిడకు తెలిసిన దారి చేతులే. "ముట్టుకోకండి" అని మాత్రం చెబితే ఆ చేతులను ఆవిడ ఏం చేసుకోవాలి? నూనె గిన్నె గోరువెచ్చగా చేసి అతని బల్ల మీద పెట్టమనండి, రాసుకుంటే రాసుకుంటాడు. అతనికి ఇష్టమైన పెరుగన్నం ఒకే గిన్నెలో, ఒకే రకంగా కలిపి ఇవ్వడం ఆవిడకు తప్ప ఎవరికీ రాదని మీరే రాశారు. అదీ తాకడమే.

అతను అమ్మకు క్షమాపణ చెప్పేలా చేయాలా అన్నారు. నలుగురి ముందు నిలబెట్టి చెప్పించకండి, ఆ మాటలు వస్తాయి గానీ వాటిలో అతను ఉండడు. అయినా మీ ఉత్తరంలో ఒక వాక్యం ఉంది, మీరు మరేదో చెబుతూ మధ్యలో అనేసి వెళ్ళిపోయారు: మర్నాడు పొద్దున ఎవరూ అడగకుండానే అమ్మ ఫోను తీసుకుని అక్షరాలన్నీ పెద్దవి చేసి, మోగే శబ్దం పెంచి, ఆవిడ మంచం మీద పెట్టి ఆఫీసుకు వెళ్ళాడని. అది ఎందుకు చేశాడో మీ అత్తగారికి ఎవరైనా చెప్పారా?